టీవీకి నాలుగు హద్దులు

అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఆ మాట పుట్టించినవాడెవడో గవర్నమెంటు ఉద్యోగం చేసి ఉండడు. మా శాఖలో అడగనంత కాలం అన్నీ జరిగిపోతాయి. అడిగామా, జరుగుతున్నది కూడా ఆగిపోతుంది. ఈ సంగతి తెలియని ఉద్యోగి మా కాకినాడ ఆఫీసు మొత్తం మీద ఒక్కడే ఉన్నాడు. ఆ ఒక్కడూ నేనే. పేరు కొప్పిశెట్టి సూర్యచక్రం. రాష్ట్ర గోనెసంచుల పరిరక్షణ శాఖలో సూపరింటెండెంటుని. గోనెసంచులకు పరిరక్షణ దేనికండీ అని కొందరు అమాయకంగా అడుగుతుంటారు. పరిరక్షణ సంచులకు కాదు, మాకు.

మా ఇంట్లో హాలుకి కొత్త టీవీ కావలసి వచ్చింది. పాతది వెనకాల గూని ఉన్న డబ్బా టీవీ. కొంతకాలంగా అందులో కనబడే మనుషులెవరికీ కనుబొమల పైన ఏమీ ఉండటం లేదు. కింద ఉన్న కాస్త మొహమూ పచ్చకామెర్లు వచ్చినట్టు ఉంటుంది. వార్తలు చదివేవాళ్ళు తలలు లేకుండా చదువుతుంటే నాకు పెద్ద తేడా ఏమీ తెలియలేదు కాబట్టి, ఇంకో పదేళ్ళు లాగించేద్దామనే అనుకున్నాను.

అయితే మా ఆవిడ నూకరత్నం టీవీలోకి ఎక్కింది. ఆవిడ చేసే చింతచిగురు రొయ్యల కూర మా వీధిలో పేరున్న కూర. పక్కింటి బేబీ గారు చెప్పాపెట్టకుండా పేరు పంపించేస్తే, ఊళ్ళో కేబుల్ చానల్ వాళ్ళు వంటల కార్యక్రమానికి పిలిచారు. వెళ్ళింది, వండింది, వచ్చింది. అది వచ్చే నెల మొదటి ఆదివారం పొద్దున పదకొండింటికి వేస్తామని చెప్పారట. రత్నం ఆ రోజుకి వీధిలో ఆడవాళ్ళందర్నీ మా హాల్లోకి పిలిచేసింది.

"ఏవండీ, టీవీ మార్చాలి. నన్ను నేను తలకాయతో సహా చూసుకోవాలి" అంది.

"ఒక్క పూటకి అంత టీవీ ఎందుకే?"

"ఇన్నేళ్ళూ పొయ్యి ముందు నిలబడితే అందరూ నా వీపే చూశారు. నేనెలా ఉంటానో ముందునుంచి ఒక్కసారి చూసుకుంటాను. డబ్బులు మిమ్మల్ని అడగట్లేదు, నా చీటీ పాడుకున్నాను."

ఆ సాయంత్రమే మెయిన్ రోడ్డులో ఉన్న షాపుకి వెళ్ళాం. ఒక గోడ నిండా టీవీలు బిగించి ఉన్నాయి. అన్నిట్లోనూ ఒకే చేప ఒకేసారి ఈదుతోంది. హారిక అనే అమ్మాయి వచ్చి, రత్నం వేలు పెట్టి చూపించిన పెద్ద టీవీ దగ్గర ఆగింది.

"ఇది ఫోర్ కే అండి సార్" అంది.

ఇంత పెద్ద టీవీ నాలుగు వేలకే ఇస్తున్నారా అని నేను లోపల పొంగిపోయి, బేరం ఆడకపోతే పరువుతక్కువని "మూడు కే కి రాదా అమ్మా?" అన్నాను. ఆ పిల్ల మర్యాదగలది. నవ్వు ఆపుకోవడానికి అటు తిరిగి చేప వంక చూసింది. అది ధర కాదు, బొమ్మ నాణ్యత అని నాకు అర్థమయ్యేలా రత్నమే మోచేత్తో చెప్పింది.

"స్టాండు మీద పెట్టుకుంటారా అండి, గోడకి బిగించమంటారా? బిగిస్తే పర్మినెంటుగా ఉండిపోద్ది, పిల్లలొచ్చినా పడదు" అంది హారిక.

"గోడకే. ఇప్పుడే ఆటోలో ఎక్కించు" అంది రత్నం.

అక్కడ నేను ఆగమన్నాను. ఎందుకో తెలియాలంటే, ముందుగా మా ఆఫీసులో నడుస్తున్న ఉత్సవాల గురించి చెప్పాలి.

మా శాఖకి ఆ రోజుల్లో పారదర్శకత పట్టుకుంది. పై నుంచి సర్క్యులర్ వచ్చింది, పారదర్శకతా పక్షోత్సవాలు జరపమని. మా డిప్యూటీ డైరెక్టరు తమ్మన శరభరాజు గారు సర్క్యులర్ని అక్షరాలా పాటించే మనిషి. కిటికీలకు కర్టెన్లు తీయించేశారు. తన గదికున్న చెక్క తలుపు పీకించి అద్దం తలుపు పెట్టించారు. దాంతో మధ్యాహ్నం పూట ఆయన కునుకు తీయడం మేమంతా పారదర్శకంగా చూడగలిగేవాళ్ళం. ప్రతి ఉద్యోగీ ఏ ఆస్తి కొనాలన్నా ముందుగా తెలియజేసి అనుమతి పొందాలనీ, అందరికంటే నిష్ఠగా పాటించినవారికి 'పారదర్శక రత్న' బిరుదు ఇస్తామనీ ప్రకటించారు. నా కొలీగ్సు అందరూ చప్పట్లు కొట్టి, సాయంత్రం వెళ్ళి బావమరదుల పేర్లతో కావలసినవి కొనుక్కున్నారు. నాకు మాత్రం ఆ బిరుదు మీద కన్ను పడింది. సర్వీసంతా ఇంక్రిమెంట్లే తప్ప బిరుదన్నది ఎరగనివాణ్ణి.

"శనివారంలోగా అనుమతి తెచ్చేస్తాను రత్నం. ఆదివారానికి టీవీ గోడ మీద ఉంటుంది. నామాట నమ్ము" అన్నాను.

"నమ్ముతాను లెండి. నమ్మక ఏం చేత్తాను?" అంది. అప్పటికి ఇంకా రెండు వారాలు టైముంది.

దరఖాస్తు నేనే రాశాను. మామూలుగా అయితే 'ఒక టీవీ' అని రాస్తే సరిపోయేది. బిరుదు ఆశించేవాడికి అంత క్లుప్తత పనికిరాదని, 'మా గృహమందలి హాలు గోడకు నాలుగు మరలతో శాశ్వతముగా బిగించబడు ఫ్లాటు టీవీ ఒకటి' అని రాశాను. రాసి, చదువుకుని, 'శాశ్వతముగా' అన్న మాట దగ్గర నా తెలుగుకి నేనే మురిసిపోయాను.

శరభరాజు గారు అద్దం తలుపు వెనక దాన్ని చదివి, కళ్ళజోడు తీసి, తుడుచుకుని మళ్ళీ చదివారు. నన్ను పిలిచారు.

"చక్రం గారూ, ఈ 'శాశ్వతముగా' అనేది మీ సొంత ప్రయోగమేనా?"

"ఆయ్, నాదేనండి. స్పష్టంగా ఉంటుందని."

"స్పష్టత ఎక్కడుంటే చిక్కు అక్కడే ఉంటుందండీ. మీరు ఫ్లాటు అన్నారు. గోడ అన్నారు. శాశ్వతం అన్నారు. స్థిరాస్తికి ఇంతకంటే ఇంకేం లక్షణాలు కావాలి?"

"సార్, అది టీవీ అండి. చరాస్తి."

"కదులుతుందా?"

"బిగిస్తే కదలదండి."

"కదలనిది స్థిరము. స్థిరమైన ఆస్తి స్థిరాస్తి. ఇందులో నా స్వకపోల కల్పితం ఏమైనా ఉన్నదా?"

లేదు. అంత పక్కాగా ఉన్న తర్కానికి అడ్డు చెప్పడానికి నాకు మనసొప్పలేదు. పైగా ఆయన "మీ వంటి నిష్ఠాగరిష్ఠులు ఒక్కరుంటే చాలునండీ శాఖకి" అనేసరికి నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. స్థిరాస్తి ఫారం తీసుకుని సంతోషంగా బయటికొచ్చాను.

ఆ ఫారం పొలాల కోసం, స్థలాల కోసం అచ్చేసింది. అయినా నేను ఒక్క గడీ కూడా ఖాళీ వదల్లేదు. 'నీటి వనరు ఏది?' అన్న చోట 'హాలు పక్కన వాష్ బేసిన్' అని రాశాను. 'సాగులో ఉన్న పంట' అన్న చోట 'ప్రస్తుతము లేదు, సీరియళ్ళు రాగలవు' అని రాశాను. 'నాలుగు హద్దులు' దగ్గర ఆగిపోయాను. గోడ మీద తూర్పు పడమరలు ఎలా చెప్పాలో నాకు తోచలేదు. తోచనప్పుడు ఊరుకోవచ్చు. నేను ఊరుకోలేదు, సందేహం రాసి పైకి పంపాను. శరభరాజు గారు మెచ్చుకుని సర్వేయరుని వేశారు.

సర్వేయరు గంగరాజు టేపూ, దిక్సూచీ పట్టుకుని మా ఇంటికొచ్చాడు. రత్నం పుణుకులు వేసి పెట్టింది. అతను ప్లేటు చేత్తో పట్టుకుని ఖాళీ గోడని చాలాసేపు చూశాడు.

"ఉత్తరం ఎటండి సూపర్నెంటు గారూ?"

"వంటింటి వైపు."

"అది ఇంటికండీ. గోడకి ఎటు?"

ఇద్దరం ఆలోచనలో పడ్డాం. చివరికి అతనే తేల్చాడు. "పటంలో ఎప్పుడూ ఉత్తరం పైనుంటాదండి. గోడ కూడా నిలబెట్టిన పటవే కదండీ మరి. కాబట్టి ఉత్తరం సీలింగు, దచ్చినం నేల."

ఆ ప్రకారం హద్దులు రాశాడు. ఉత్తరం ట్యూబులైటు. దక్షిణం స్విచ్చి బోర్డు. తూర్పు నూనె కొట్టువాళ్ళ క్యాలెండరు. పడమర దండ వేసి ఉన్న మా మామగారి ఫోటో.

"మా నాన్నని హద్దురాయి చేత్తారా!" అంది రత్నం, పుణుకుల గరిటె పట్టుకునే వచ్చి.

"తప్పదండమ్మా. పొరుగు ఆసామీకి అభ్యంతరం లేదని సంతకం కూడా కావాలండి."

"ఆయన పోయి ఎన్నేళ్ళయిందో తెలుసా?"

"వారసులు పెట్టొచ్చండమ్మా, ఇబ్బందేం లేదు."

రత్నం నా వంక చూసింది. నేను కలం అందించాను. పరలోకంలో ఉన్న తండ్రి ఫోటో తరపున, ఇంకా మా ఇంటికి రాని టీవీ వల్ల తమకేమీ నష్టం లేదని ఆవిడ సంతకం పెట్టింది. పెట్టి, కలం నా చేతిలో పడేస్తూ, "ఈ ఇంట్లో కదలని ఆస్తంటూ ఉంటే అది ఆ పడక్కుర్చీలో మీరేనండి. ఆయన టేపుతో పాటొచ్చాడు కాబట్టి పన్లో పని, మిమ్మల్ని కూడా కొలిపించుకోండి" అంది. గంగరాజు నిజంగానే టేపు సర్దుకోవడం ఆపి నా వంక చూశాడు.

రిపోర్టు రెండు రోజుల్లో వచ్చింది. 'స్థలము కలదు. హద్దులు కలవు. ఆస్తి మాత్రము కానరాలేదు' అని ఉంది. శుక్రవారం నాడు నన్ను మళ్ళీ అద్దం తలుపు లోపలికి పిలిచారు. ఈసారి అక్కడ మా శాఖ న్యాయ సలహాదారు గొడవర్తి నృసింహం గారు కూడా ఉన్నారు. ఆయన మాట్లాడే ముందు రెండుసార్లు గొంతు సవరించుకుంటారు. ఆ సవరింపులకే సగం కేసులు నీరుగారిపోయాయని చెప్పుకుంటారు.

"సదరు ఆస్తి ప్రస్తుతము ఎచ్చట ఉన్నది?" అన్నారాయన.

"షాపులో అండి."

"ఏ స్థితిలో?"

"గోడకి బిగించి ఉందండి. చూపించడానికి అలా బిగిస్తారు."

నృసింహం గారు, శరభరాజు గారు ఒకరినొకరు చూసుకున్నారు. నాకు కాళ్ళ కింద ఏదో జరుగుతున్నట్టు అనిపించింది గానీ, ఏమిటో తెలియలేదు.

"అనగా ఆస్తి ఇప్పటికే స్థిరపడియే యున్నది" అన్నారు నృసింహం గారు. "ఇక ప్రశ్న ఒక్కటే. స్థిరాస్తిని ఒకచోటి నుండి మరొకచోటికి తరలించవచ్చునా? ఒక పొలాన్ని ఆటోలో ఇంటికి తెచ్చుకున్నవారు ఎవరైనా కలరా?"

"లేరండి" అన్నాను. అన్న తర్వాత గానీ నేనేం ఒప్పుకున్నానో నాకు తలకెక్కలేదు. "కానీ సార్, ఆదివారం మా ఆవిడ అందులో కనబడుతుందండి. వీధి వీధంతా మా ఇంటికి వస్తున్నారు."

"వ్యక్తిగత సౌకర్యములకై పదార్థముల స్వభావమును మార్చలేము కదండీ" అన్నారు శరభరాజు గారు, నిజంగానే జాలిపడుతూ. "అయినను మీ నిష్ఠను దృష్టిలో ఉంచుకుని, నేడే ఉత్తర్వు ఇప్పిస్తాను."

ఇప్పించారు. అన్న మాట నిలబెట్టుకునే మనిషి. ఉత్తర్వు ఇలా ఉంది: 'శ్రీ సూర్యచక్రం గారు సదరు స్థిరాస్తిని కొనుగోలు చేయుటకు ఇందుమూలముగా అనుమతించడమైనది. అయితే సదరు ఆస్తిని వారు ఎట్టి పరిస్థితులలోను కదపరాదు. ఉన్నదానిని ఉన్నచోటనే అనుభవించవలెను.'

మర్నాడు శనివారం పక్షోత్సవాల ముగింపు సభ. నాకు పారదర్శక రత్న ఇచ్చారు. శాలువా కప్పారు. గంధం రాశారు. 'ఒక టీవీ కొనడానికి ఇన్ని విధాల అనుమతి కోరిన ఉద్యోగి శాఖ చరిత్రలో లేడు' అని శరభరాజు గారు మైకులో చెప్పారు. బావమరదుల పేర్లతో కార్లు కొన్నవాళ్ళందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నాకు ఆనందంతో కళ్ళు చెమర్చాయి. ఎంత వెర్రివాణ్ణి కాకపోతే ఆ చప్పట్లు నా నిజాయితీకని అనుకుంటాను!

ఇంటికి వెళ్ళి ఉత్తర్వు చదివి వినిపించాను. రత్నం ఖాళీ గోడ వంక, దాని మీద గంగరాజు సుద్దముక్కతో గీసిన హద్దుల గీతల వంక కాసేపు చూసి, "ఇంకోసారి చదవండి ఆఖరి ముక్క" అంది.

"ఉన్నదానిని ఉన్నచోటనే అనుభవించవలెను."

"సరే" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

ఆదివారం పది గంటలకల్లా వీధిలో ఆడవాళ్ళంతా పట్టుచీరలు కట్టుకుని మా హాల్లోకి వచ్చేశారు. పాత టీవీని చూసి, గోడని చూసి, బేబీ గారు నోరు నొక్కుకున్నారు. "కొత్త టీవీ ఏదే రత్నం?"

"అది మనింటికి రాకూడదంటండి వదినా. మనవే దాని దగ్గరికి ఎళ్ళాలంట. గవర్నమెంటు ఆర్డరు" అంది రత్నం. గుమ్మంలో అప్పటికే నాలుగు ఆటోలు ఆగి ఉన్నాయి. ఆఖరి దాంట్లో డ్రైవరు పక్కన నన్ను కూడా ఎక్కించుకున్నారు. ఉత్తర్వు జేబులో పెట్టుకున్నాను, ఎవరైనా అడిగితే చూపించొచ్చని.

షాపులో హారిక కుర్చీలు వేయించింది. చానల్ పెట్టించింది. పదకొండు కొట్టేసరికి ఆ గోడ మీదున్న టీవీలన్నిట్లోనూ చేప పోయి, రత్నం వచ్చింది. కొప్పుతో సహా, కొప్పులో కనకాంబరాలతో సహా. షాపులో ఎటు చూసినా రత్నమే. ఫ్రిజ్జు కొనడానికి వచ్చినవాళ్ళు, ఫ్యాను మార్చుకోవడానికి వచ్చినవాళ్ళు కూడా వచ్చి నిలబడ్డారు. చింతచిగురు నలుపుతుంటే ఆడవాళ్ళు ఉండబట్టలేక మెచ్చుకున్నారు. రొయ్యలు వేస్తుంటే ఎవరో ఈల కూడా వేశారు.

కూర ఉడుకుతుండగా యాంకరమ్మాయి అడిగింది. "మేడం, మీ ఇంట్లో ఏ నిర్ణయమైనా ఎవరు తీసుకుంటారండీ?"

టీవీల్లో రత్నం మూకుడు మీద మూత పెట్టింది. "మావారేనండి. చిన్నదైనా పెద్దదైనా ఆయనే తీసుకోవాలి. పాపం, తీసుకుంటానే ఉంటారు. ఈలోపు పని నేను కానిచ్చేత్తుంటాను."

ఆ గోడంతా ఒక్కసారి ఆ మాట అంది. షాపు షాపంతా గొల్లున నవ్వింది. మా వీధి ఆడవాళ్ళు వెనక్కి తిరిగి నన్ను చూశారు. వాళ్ళని చూసి ఫ్రిజ్జు వాళ్ళు చూశారు. ఫ్యానాయన ముందుకొచ్చి మరీ చూశాడు. పారదర్శకత అంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. నా లోపలున్నదంతా అవతలివైపు వాళ్ళకి కనబడిపోయింది, అక్కడ పెద్దగా ఏమీ లేదని కూడా.

రత్నం మాత్రం నన్ను చూడలేదు, ఎవర్నీ చూడలేదు. నోరు కొద్దిగా తెరుచుకుని, గోడ మీదున్న తనని తాను చూసుకుంటోంది. చెయ్యి తెలియకుండానే కొప్పు దగ్గరికి వెళ్ళింది. "బాగానే ఉన్నాను" అంది, మెల్లగా, తనకి తనే. ఇన్నేళ్ళ కాపరంలో ఆ మొహాన్ని ఎదురుగా కూర్చుని అంతసేపు నేనెప్పుడూ చూడలేదు. శాలువా కప్పించుకున్నప్పుడు రాని సిగ్గు నాకు అప్పుడొచ్చింది, ఏడుపు కూడా వచ్చింది.

కార్యక్రమం అయిపోగానే ఆవిడ లేచి, చీటీ డబ్బులు కౌంటరు మీద పెట్టి, "హారికమ్మా, దాన్ని దింపించు" అంది.

"కొత్త పీసు గోడౌను నుంచి మంగళారం వచ్చేద్దండి. ఇది చూపించడానికి పెట్టిందండి."

"నేను కనబడింది దీన్లో. నాకిదే కావాలి."

ఇద్దరు మనుషులు వచ్చి నాలుగు మరలు విప్పారు. ఒక టీ తాగేంతసేపు కూడా పట్టలేదు. స్థిరాస్తి కిందికి దిగిపోయి, దుప్పటి చుట్టించుకుని గుమ్మం వైపు బయలుదేరింది. నా చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్ళింది.

"రత్నం, దాన్ని కదపరాదని ఉందే..."

"కదపరాదని మీకుంది. నాకు లేదు కదా" అంది. చూస్తే నిజమే, ఉత్తర్వు నా పేరు మీదే ఉంది.

ఆడవాళ్ళంతా ఆటోల్లో ముందు వెళ్ళిపోయారు. టీవీని ఒక ట్రాలీ ఆటోలో నిలబెట్టి, పడకుండా పట్టుకోవడానికి నన్ను వెనక ఎక్కించారు. డ్రైవరు తిరిగి దుప్పటి వంక చూశాడు.

"అద్దం సరుకాండీ బాబూ?"

"కాదు" అన్నాను అలవాటు కొద్దీ. "స్థిరాస్తి."

"ఏదైనా గానీండి, గట్టిగా అట్టుకోండి. ముందంతా గోతులే, కదిలిపోద్ది."

రెండు చేతులా వాటేసుకుని కూర్చున్నాను.